మాలుఖానాలో మొలకలు

దానియేలుకు తాగుడు లేదు, పేకాట లేదు, ఎవరితోనూ తగాదా లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. కంటికి కనబడ్డ వస్తువునల్లా ఎత్తి బరువు చూడందే ఆయనకు ప్రాణం కుదుటపడదు.

బరువు చూడటమంటే ఊరికే ఎత్తి దించడం కాదు. కళ్ళు మూసుకుంటాడు. తల కాస్త పక్కకు వాలుస్తాడు. ఆ వస్తువు చెవిలో ఏదో రహస్యం చెబుతున్నట్టు కాసేపు వింటాడు. ఆ తర్వాత దించి తీర్పు చెబుతాడు. "కడవలో ఇంకా రెండు చెంబులున్నయ్." వంచి చూస్తే సరిగ్గా రెండే ఉంటాయి. లాంతరు ఎత్తి "రేపు పొద్దుగూకేదాకా వస్తది" అంటాడు. మర్నాడు పొద్దుగూకగానే అది ఆరిపోతుంది. ఒక ఆదివారం గుడి మెట్ల మీద పాస్టరు గారి సంచీ ఎత్తి, "అయ్యగారూ, ఇయ్యాల ప్రసంగం చానా పొడుగండీ" అన్నాడు. ఆ రోజు పాస్టరు గారు పన్నెండున్నర దాకా వదల్లేదు.

ఆయన భార్య కరుణమ్మకు ఈ సంగతి పెళ్ళిచూపుల నాడే తెలిసింది. చేతికిచ్చిన మజ్జిగ గ్లాసును పెళ్ళికొడుకు ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. "ఇందులో ఉప్పు పడలేదు" అన్నాడు. ఇంకా పెదవికి తగిలించనేలేదు. కంగారులో ఉప్పు మరిచిపోయిన మాట నిజమే. తలుపు చాటున కరుణమ్మ నాలుక కరుచుకుంది. ఈ మనిషితో అబద్ధం ఆడి బతకడం కుదరదని ఆమెకు అప్పుడే అర్థమైంది.

దానియేలు నాపరాళ్ళపాడు మేజిస్ట్రేటు కోర్టులో బంట్రోతు. ముద్దాయిలను కేకవేసి పిలవడం, మాలుఖానా తాళంచెవి మొలతాడుకు కట్టుకు తిరగడం ఆయన ఉద్యోగం. మాలుఖానా అంటే కేసుల్లో పట్టుకొచ్చిన సరుకంతా ఉంచే గది. పల్నాటి కోర్టు గనక అందులో ఏముంటాయో చెప్పనక్కర్లేదు. బరిసెలు, గండ్రగొడ్డళ్ళు, ఇనపకట్ల కర్రలు, తలపాగాలు, ఒక సైకిలు. అన్నిటికీ చీటీలు, లక్క ముద్రలు. దానియేలు వారానికోసారి వాటిని కూడా ఒక్కొక్కటే ఎత్తి చూసేవాడు. "ఈ గొడ్డలి మంచిదే. దాన్ని పట్టుకున్నోడే మంచోడు కాదు" అనేవాడు.

అలాంటి గదిలోకి యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం మొదట్లో ఏడు మట్టికుండీలు వచ్చాయి.

అవి శేషమ్మవి. శేషమ్మ ఊరి చివర ఉండే ముసలామె, మొగుడు లేడు, పొలం లేదు. ఉన్న ఒక్క కూతురు నిర్మల ఏడో నెల కడుపుతో పుట్టింటికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట. "అమ్మా, లేత గోంగూర పచ్చడి తినాలనుందే." కాలవలు ఇంకా రాని రోజులు. బావుల్లో చేద వేస్తే రాయి చప్పుడు వినిపిస్తోంది. పెరట్లో ఏదన్నా మొలిస్తే అది నీళ్ళకు ముందు మేకలకు దక్కుతుంది. అందుకని శేషమ్మ పగిలిన అటికల్లో, బోకు కుండల్లో మట్టి నింపి, గోగు విత్తనాలు వేసి, ఇంట్లోనే కప్పులోని గాజుపెంకు కింద పెట్టుకుంది. బియ్యం కడిగిన నీళ్ళే వాటికి పోసేది. మొలకలు వచ్చాయి. ఒక్కొక్క దానికి రెండేసి గుండ్రటి ఆకులు, అంతే.

పంచాయతీ ఎన్నికల్లో శేషమ్మ కోటయ్యకు ఓటెయ్యలేదు. కోటయ్య ఊరి పెద్ద రైతు, మర్చిపోయే మనిషి కాదు. ముసలిది ఇంట్లో గంజాయి పెంచుతోందని ఆబ్కారీ వాళ్ళకు కబురు పెట్టాడు. ఇన్స్పెక్టరు కొత్తవాడు, బళ్ళారి అవతల్నుంచి బదిలీ మీద వచ్చినవాడు. చీకటింట్లో వరసగా ఏడు కుండీలు చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి.

"అయ్యా, అది గోంగూరయ్యా" అంది శేషమ్మ.

"గోంగూరను ఇంట్లో దాచి పెంచేవాళ్ళను నేనింతవరకు చూడలేదు" అన్నాడాయన. కాగితం రాశాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, తనూ పెట్టాడు. ఆ సాక్షులిద్దరూ కోటయ్య పాలేర్లే.

మొదటి వాయిదా నాడు మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు సవరించుకుని మొలకల్ని చూశారు. మొలకలు ఆయన్ని చూశాయి. రెండాకుల ముఖం చూసి ఎవరి పుట్టుక ఎవరు చెప్పగలరు?

"అసలు ఆకులు విచ్చుకుంటే గాని ఇది ఏ మొక్కో తేలదు. అందాకా ఈ సొత్తును యథాస్థితిలో కాపాడవలెను" అని ఉత్తర్వు వేసి వాయిదా ఇచ్చారు.

హెడ్డు గుమాస్తాకు సందేహం వచ్చింది. "యథాస్థితిలో అంటే మరి పెరగకూడదేమో?"

"పెరక్కపోతే ఆకులెట్టా వస్తయండీ?" అన్నాడు దానియేలు. అప్పటికే ఒక కుండీ ఎత్తి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "దీనికి ఇయ్యాల అక్కర్లేదు. రేపు పొద్దున ఒక గుక్క."

ఆ రోజు నుంచి దానియేలు ఈ లోకంలో లేడు. తెల్లారగానే కోర్టుకు పోయేవాడు. ముందు రోజు తోడి నిలవ ఉంచిన నీళ్ళు చెంబుతో తీసుకుని, అడుగున మేకు బెజ్జం వేసిన కొబ్బరిచిప్ప పట్టుకుని మాలుఖానా తెరిచేవాడు. ఒక్కో కుండీని రెండు చేతులా ఎత్తేవాడు. తేలిగ్గా ఉంటేనే నీళ్ళు. అదీ మొక్క మొదట్లో కాదు, కుండీ అంచు వెంబడి, చుట్టూ తిప్పుతూ, బొట్టు బొట్టుగా. "మొదట్లో పోస్తే వేరు సోమరిదైపోద్ది. అంచున పోస్తే ఎతుక్కుంటా పోద్ది" అనేవాడు. బరువు దిగని కుండీకి రెండు రోజులైనా చుక్క పోసేవాడు కాదు.

మధ్యాహ్నం కరుణమ్మ అన్నం తీసుకెళ్ళేసరికి ఆయన వెలుగుతోపాటు కదులుతూ ఉండేవాడు. మాలుఖానా కప్పులో ఒకే ఒక గాజుపెంకు. అందులోంచి దిగిన ఎండ పొద్దున పడమటి గోడ మీద ఉంటుంది, మధ్యాహ్నానికి నేల మధ్యకు వస్తుంది, సాయంత్రానికి తూర్పున ఉన్న గొడ్డళ్ళ మీదికి పాకుతుంది. దానియేలు గంటకోసారి ఏడు కుండీలనూ ఆ వెలుగులోకి జరిపేవాడు. బయట కోర్టు హాల్లో వకీళ్ళు అరుచుకుంటుంటే ఆ అరుపులు ఎక్కడో దూరపు ఊరి నుంచి వస్తున్నట్టు వినబడేవి. లోపల ధూళి ఎండలో మెల్లగా తిరిగేది. తడిమట్టి వాసన. మనుషుల్ని నరికిన ఇనుము మధ్యన ఇంత పచ్చని మొలకలు, తలలన్నీ ఒకేవైపు తిప్పి, గాజుపెంకును చూస్తూ ఉండేవి. కరుణమ్మ గడప మీద కూర్చుని వాటిని చూస్తూ ఎన్నోసార్లు తనకు తెలియకుండానే కునుకు తీసింది. మెలకువ వచ్చి చూస్తే వెలుగు ఒక మూర జరిగి ఉండేది, కుండీలూ ఒక మూర జరిగి ఉండేవి, మొగుడు మాత్రం అలాగే గొంతుక్కూర్చుని ఉండేవాడు.

"అన్నం తినవయ్యా."

"ఉండవే. మా సాక్షులకు ఎండ పోతంది."

వాటిని సాక్షులని పిలిచేవాడు. ఆ మాట కరుణమ్మకు గుచ్చుకునేది. ఎందుకంటే అప్పటికే ఊరంతా ఆయన్ని తిడుతోంది.

శేషమ్మ తరఫు వకీలు నాగేశ్వరరావు గారు ఒకరోజు కరుణమ్మను బజార్లో ఆపారు. "అమ్మా, మీ ఆయనకు కాస్త చెప్పు. గోగాకైనా గంజాయాకైనా చూపుకు ఒకటే, కోటయ్య సాక్షులు గంజాయనే చెబుతారు. నాలుగు రోజులు నీళ్ళు మర్చిపోతే చాలు. మొక్క లేకపోతే సాక్ష్యం లేదు, సాక్ష్యం లేకపోతే కేసు లేదు. ఎవరన్నా అడిగితే ఎండలకు పోయినయ్యని చెప్పొచ్చు. శిక్ష పడిందంటే ఆ ముసలిది జైల్లో ఉంటది, ఇక్కడ ఆ పిల్లకు పురుడు ఎవరు పోస్తారు?"

ఆ సాయంత్రమే శేషమ్మ, నిర్మల కరుణమ్మ ఇంటికొచ్చారు. నిర్మల పొట్ట పట్టుకుని అరుగు మీద కూర్చుంది. "పిన్నీ, నాకు గోంగూరా వద్దు ఏమీ వద్దు. మా అమ్మ నా దగ్గరుంటే చాలు. బాబాయికి చెప్పు పిన్నీ" అని ఏడ్చింది.

దానియేలు రాగానే కరుణమ్మ అడిగింది. ఆయన నీళ్ళ కడవ ఎత్తి చూస్తూ, "అది కోర్టు సొత్తే. ఎండబెట్టమంటే ఎట్టా?" అన్నాడు.

"ఆ పిల్ల కన్నీళ్ళకన్నా నీకా మొక్కలెక్కువా?"

"దప్పికైనప్పుడు పొయ్యకపోతే పాపమే."

"ముసల్దాన్ని జైలుకు పంపితే పాపం కాదా?"

దానియేలు కడవ దించాడు. "మూడు చెంబులు" అన్నాడు. కరుణమ్మకు ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం గిన్నె గడప మీద పెట్టి వచ్చేసేది. ఎత్తి చూసి అందులో ఏముందో ఆయనే చెప్పుకునేవాడు.

మూడో వారంలో ఘోరం జరిగింది. కోర్టు కాపలాదారు దావూద్ చాలా దయగల మనిషి. ఆదివారం దానియేలు గుడికి పోతూ, కుండీలను ఎండలోకి జరపమని తాళంచెవి ఆయనకిచ్చి వెళ్ళాడు. దావూద్ లోపలికి వెళ్ళి మట్టి పైన పొడిగా ఉండటం చూశాడు. మనసు కరిగిపోయింది. దాహంతో ఉన్నదానికి నీళ్ళు పోస్తే సవాబు, అంటే పుణ్యం, దక్కుతుందని ఆయన నమ్మకం. రెండు బిందెలు తెచ్చి ఏడు కుండీలకూ సమంగా పోసి, సంతోషంగా తలుపు వేశాడు.

మంగళవారానికి నాలుగు కుండీల్లో మొలకలు మట్టి దగ్గర సన్నబడి నేలకు వాలిపోయాయి. మిగతా మూడింటిలోనివీ ఆకులు వేలాడేశాయి.

"అరెరే, నీళ్ళు చాల్లేదు! ఇంకో బిందె తెస్తా" అన్నాడు దావూద్.

"తెచ్చావంటే నిన్ను ఈ బరిసెకు కట్టేస్తా" అన్నాడు దానియేలు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆయన కోపంతో గొంతు పెంచడం అదే మొదలు. "దావూద్ భాయ్, అయ్యి దప్పికై వాల్లేదు. మునిగి వాలినయ్. ఎత్తి చూడు."

దావూద్ ఎత్తి చూశాడు. రాయిలా ఉంది.

దానియేలు మిగిలిన మూడు కుండీల కింద ఇటికముక్కలు పెట్టాడు. అడుగున బెజ్జాల్లో చీపురుపుల్లతో పొడిచాడు. పైమట్టిని గోటితో గుల్ల చేశాడు. ఆ తర్వాత ఆరు రోజులు చుక్క నీళ్ళు పొయ్యలేదు.

ఇప్పుడు అరవడం ఆబ్కారీ ఇన్స్పెక్టరు వంతు. "నా సాక్ష్యాన్ని ఎండబెట్టి చంపుతున్నావా? నీ ఉద్యోగం ఊడపీకిస్తాను!" అని వరండాలో చిందులు వేశాడు. నాగేశ్వరరావు గారు మాత్రం వచ్చి దానియేలు భుజం తట్టి వెళ్ళారు. శేషమ్మ దూరం నుంచే దండం పెట్టింది. అందరూ అనుకున్నది ఒకటే, దానియేలుకు చివరికి బుద్ధి వచ్చిందని.

గడప దగ్గర గిన్నె పెట్టడానికి వెళ్ళిన కరుణమ్మ లోపలికి తొంగి చూసింది. దానియేలు కుండీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడని ఆమెకు తెలిసిపోయింది. కోపం పోలేదు గాని, ఆ ముఖం చూస్తే జాలేసింది.

ఏడో రోజు ఒక కుండీ తేలికైంది. కొబ్బరిచిప్పతో అర గుక్క పోశాడు. మర్నాటికి ఒక ఆకు లేచింది. ఆ పై వారం కొత్త ఆకు విచ్చుకుంది. ఆ తర్వాత వచ్చిన ఆకులు చీలి, అంచున రంపపు పళ్ళతో, అయిదు వేళ్ళు చాచినట్టు వచ్చాయి. గోగాకు అలాగే ఉంటుంది. కాని గంజాయాకూ దూరానికి అలాగే ఉంటుంది. ఇన్స్పెక్టరు వాటిని చూసి మీసం దువ్వుకున్నాడు.

వైశాఖంలో ఆఖరి వాయిదా. కోర్టు హాలు కిటకిటలాడింది. నెలలు నిండిన నిర్మలను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. దానియేలు మూడు కుండీలనూ ఒక్కొక్కటే రెండు చేతులా తెచ్చి మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాడు.

"చిత్తగించండి. అయిదు వేళ్ళు!" అన్నాడు ఇన్స్పెక్టరు.

"గోంగూరండీ అది!" అని హాల్లో సగం మంది అరిచారు.

"గంజాయే!" అని మిగతా సగం అరిచారు. వాళ్ళు కోటయ్య పార్టీ వాళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ గోంగూర తిని పెరిగినవాళ్ళు, ఆ పొద్దున కూడా తిని వచ్చినవాళ్ళు, పార్టీ కోసం దాన్ని గంజాయి అన్నారు. పల్నాడులో పార్టీ అంటే అదీ.

మేజిస్ట్రేటు గారు బల్ల మీద కొట్టారు. "నాకు ఏమనిపిస్తుందో దాన్ని బట్టి తీర్పు రాయకూడదు. రుజువు కావాలి."

శేషమ్మ బోనులోంచి చేతులు జోడించింది. "బాబూ, మడిసి అబద్దమాడతాడు గాని ఆకు ఆడదు. ఎవరో ఒకరు నమిలి చూడండయ్యా."

మేజిస్ట్రేటు గారు ఇన్స్పెక్టరు వైపు చూశారు. "పట్టుకున్నది మీరు. మీరే చూడండి."

"నేనా? గంజాయి నమలడమా?"

"ఒక ఆకుకేం కాదులెండి. మీకు మత్తెక్కితే ఆమెకు శిక్ష వేస్తాను."

ఇన్స్పెక్టరు ఒక లేతాకు తుంచి, పెట్టుకోలేక పెట్టుకోలేక నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత ముఖమంతా ఒక మూలకు పోయింది. కుడికన్ను మూసుకుపోయింది. నోట్లో నీరూరి, జేబురుమాలు వెతుక్కున్నాడు.

"ఎలా ఉంది?" అడిగారు మేజిస్ట్రేటు గారు.

ఇన్స్పెక్టరు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇక నోటితో చెప్పాల్సిన పని లేకపోయింది.

"రాసుకోవయ్యా గుమాస్తా. సాక్షి గారి కుడికన్ను మూసుకున్నది. కేసు కొట్టివేయడమైనది. సొత్తును యజమానురాలికి అప్పగించవలెను."

కోర్టు మెట్ల మీదే శేషమ్మ చిగుళ్ళు తుంచింది. నిర్మల ఆగలేక ఒక పచ్చి ఆకు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, అయిదారు వారాల ఏడుపు మర్చిపోయి నవ్వింది. శేషమ్మ ఒక గుప్పెడు ఆకు కరుణమ్మ కొంగులో పోసింది. "ఇంట్లో పచ్చడి చేసుకోమ్మా. ఎంతైనా పెంచింది నీ మొగుడేగా" అంది. అందులో పొగడ్త ఎంతో దెప్పు ఎంతో కరుణమ్మకు తేలలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎండుమిరపకాయలు వేయించి, నువ్వులపప్పు నూనె చుక్క తగిలించి, రోట్లో నూరితే పచ్చడి నిమ్మకాయంత అయింది. కరుణమ్మ దాన్ని మొగుడి కంచంలో పెట్టింది.

"నాకొద్దులే. నువ్వు తిను" అన్నాడు దానియేలు.

అన్ని రోజుల తర్వాత ఆమె నోరు తెరిచింది. "గోంగూర వద్దనేవాణ్ణి మన గుంటూరు జిల్లాలో ఇంతవరకూ చూళ్ళేదు. ఒంట్లో బాగుందా?"

"నా వంతు నేను తినేశానే."

"ఎప్పుడు?"

"అయ్యి మాలుఖానాకు వచ్చిన రోజే."

కరుణమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "కోర్టు సొత్తు తిన్నావా?"

"గట్టిగా అరవమాక. జీపు కుదుపుకు ఒక మొలక విరిగి పడుంది. పారెయ్యబుద్ధి గాక నోట్లో యేసుకున్నా. చిటికెడంత ఆకు. పులుపు తగిలింది."

"అంటే నీకు మొదట్నుంచీ తెలుసా? మరి ఎవరికీ చెప్పవేందయ్యా?"

"ఎవరికి చెప్పేది? ఇన్స్పెక్టరు కాయితం మీద మూడు సంతకాలున్నయ్. బంట్రోతు నాలిక మీద ఏముంది? వకీలు గారు చంపమన్నారు. మొక్కలు చస్తే మిగిలేది ఆ కాయితం ఒక్కటే గదా. అందులో గంజాయని రాసుంది. శేషమ్మకు వేరే సాక్షి ఎవరున్నారే? వాటినే పెంచుకోవాల్సొచ్చింది."

కరుణమ్మకు సిగ్గేసింది. గడప మీద గిన్నె పెట్టి ముఖం తిప్పుకుని వచ్చిన రోజులన్నీ వరసగా గుర్తొచ్చాయి. "ఊరంతా తిడతంటే, నేనూ తిడతంటే, నాకన్నా చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే నువ్వు శేషమ్మకు చెబుతావు. శేషమ్మ ధైర్యమొచ్చి కోటయ్య ఎదురుగా నవ్వుద్ది. ఆ రాత్రికే మొక్కలు పీకను మాలుఖానా కప్పు మీద మడిసి ఉంటాడు." కంచం కాస్త జరుపుకుని, "నువ్వు మాట్టాడకపోతేనే నాకు చానా బరువైపోయిందే" అన్నాడు.

కరుణమ్మ పచ్చడి ముద్దను తన చేత్తోనే ఆయన అన్నంలో పెట్టి, నెయ్యి వేసి, కలిపింది.

"ఆ రోజు తిన్నది కోర్టుది. ఇది మనది. తిను" అంది.

దానియేలు తిన్నాడు. అన్నం మారు కూడా అడిగి వేయించుకున్నాడు.